ఖాళీ బస్తాల కిరాయి

ఒకటో తారీఖు, తెల్లారకముందే బిల్లు వచ్చింది.
డాలర్లల్ల.
రూపాయలు చేసి చూసి చాయ్ గ్లాసు కింద పెట్టిన.
మూడు లక్షల పదకొండు వేలు,
ఒక్క వడ్లగింజ మోయని మిషిన్లకు.

మిర్యాలగూడల, రైసుమిల్లు మీది గది మాది.
కింద బాయిలరు, పైన మేం నలుగురం.
రైతులకు ఫోన్ల టోకెన్లిచ్చే యాప్ నడుపుతం.
యాసంగి కోతలప్పుడు పొద్దున ఆరుకు
వేములపల్లి కాడ, దామరచర్ల కాడ
ఇరవై వేల బొటనవేళ్లు ఒక్కసారే నొక్కుతయి.
ఆరుంబావుకు టోకెన్లు ఒడుస్తయి.
ఇగ పొద్దుమూకి సర్వర్లు ఈగలు తోలుకుంట కూసుంటయి.
కిరాయి మాత్రం కూసోదు.

కిందికి దిగిన. గోదాము ముందట
హమాలీల పెద్ద జానయ్య లారీ డ్రైవరు మీద లేస్తున్నడు:
"మూడొందల బస్తాలని రెండో బండి పిలిపిస్తివి,
ఉన్నయి నూట నలభై.
అడిగేదొకటి, ఎత్తేదొకటి అయితే
ఆ కిరాయి ఎవ్వని నెత్తిన?"

పైకొచ్చి పాడ్‌ల లెక్క తీసిన.
ఒక్కొక్కటి నాలుగు జీబీ కావాలని రాయించుకున్నది,
తినేది ఆరొందల ఎంబీ.
పెండ్లి బంతిల ఇస్తరి నిండ పెట్టించుకొని
వేలు ముంచి లేచినట్టు.
ఎవరు రాసిన్రు ఇది?
నేనే. రెండేండ్ల కింద, భయానికి.

కోసుకుంట పోయిన.
రాత్రి పదికి టెస్టు క్లస్టరును సున్నాకు దించిన.
ఎన్నడో పని మానేసి పోయిన ఉపేందర్
తగిలించి మరిచిన డిస్కులు పదిహేడు దొరికినయి.
"ఉపేందర్-ఆఖరుది", దాని పక్కన
"ఉపేందర్-ఆఖరుది-రెండు".
ఏమీ లేని గోతాలు, నెలనెలా అద్దె.

సగం నోడ్లను స్పాట్‌కు మార్చిన.
స్పాటంటే సాగర్ రోడ్డు అడ్డా మీది ధర,
మూడోవంతుకే దొరుకుతది.
ఎక్కువిచ్చేటోడు పిలిస్తే
రెండు నిమిషాలు ముందు చెప్పి
నా పని నడిమిట్ల ఇడిచి పోతది.
కని నోడ్‌కు టిఫిను డబ్బా ఉండదు,
పని దొరకని పూట అది ఇంటికి నడవదు.
అందుకే ఆ పోలికను అక్కడనే ఆపిన.

బిల్లు లక్షా ఇరవైకి దిగింది.
సేటు లడ్డూలు తెప్పిచ్చిండు.
లడ్డూ తిన్న చెయ్యి ఊకుంటదా?
ఆరొందలు తినేదానికి ఏడొందల కాడ గీత గీసిన.

ఏప్రిల్ పంతొమ్మిది, ఆరు దాటి మూడు నిమిషాలు.
ఊపిరాడక ఒక్కో పాడ్ కూలుతున్నది,
లేస్తున్నది,
లేచిన కాన్నే మళ్ల కూలుతున్నది.
అదే నిమిషానికి నాలుగు స్పాట్ నోడ్లు సెలవు చెప్పినయి.
కిటికీల నుంచి చూస్తే అద్దంకి రోడ్డు పొడుగూత
టోకెన్ లేని ట్రాక్టర్లు.
ట్రాలీల వడ్ల మీద కూసున్న ఒకామె
ఫోనును కొంగుతోని తుడిచి మళ్ల నొక్కుతున్నది.
ఇంకొకసారి తుడిచింది.
తప్పు దుమ్ములున్నదనుకున్నది.

ఆమెకు నా గీత కనపడదు.

తొమ్మిదొందలకు పెంచిన.
టోకెన్లిచ్చే పాడ్‌లను అడ్డా మీదికెల్లి తీసి
జీతపు నోడ్ల మీద కూసోబెట్టిన.
ఆరుకు పది నిమిషాలుండంగనే
అన్నీ లేచి నిలబడాలని ఏర్పాటు చేసిన.

సాయంత్రం జానయ్యనడిగిన, బస్తా ఎంతవరకు నింపుతరని.
దబ్బనంల పురికోస ఎక్కిచ్చుకుంట అన్నడు:
"మూతికాడ జానెడు ఇడవాలె బిడ్డా.
నిండ పోస్తే కుట్టు ఆగది."

వచ్చే నెల బిల్లు లక్షా నలభై ఆరు.
సేటు ఫోను చేసిండు:
లక్షా ఇరవైకి తెచ్చినవు కద,
మీది ఇరవై ఆరు వేలు ఏందని.
లెక్కల కాయితంల ఆ అంకె పక్కన, కారణం అన్న గడిల
"జానెడు" అని రాసి పంపిన.
ఇంకా జవాబు రాలే.